ఒట్టు పెట్టినవాడు మూడు నెలలకు మళ్లీ ఎందుకు తాగాడు?

సిరొంచలో ఉండే మీ అన్న మూడు నెలలు తాగుడు మానేసి, కాళేశ్వరం దిక్కు పెళ్లికి వెళ్లొచ్చి మళ్లీ మొదలుపెట్టాడని, దేవుడి మీద ఒట్టు కూడా ఉత్తదేనా అని అడిగారు.

ఉత్తది కాదు అక్కా. ఏళ్లుగా తాగిన మెదడు మందును చోటుతో, వేళతో, మనుషులతో కలిపి గుర్తుపెట్టుకుంటుంది. సిరొంచ ఉన్న మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. ఇప్పసారా చాటుగా దొరికినా, సీసా కావాలంటే గోదావరి బ్రిడ్జి దాటాల్సిందే. అందుకే బండి బ్రిడ్జి ఎక్కేసరికే, వైన్స్ కనబడకముందే నోరు ఊరుతుంది. పాలిథిన్ కాగితంలో ఖర్రా (పొగాకు, వక్క, సున్నం కలిపి నమిలేది) రుద్దుతున్న చప్పుడుకీ అంతే, రెండూ కలిపి అలవాటైన వాళ్లకి.

ఆ గుంజుడు మామూలుగా అరగంటలోపు తగ్గుతుంది. ఆ అరగంట దాటించాలి. కడుపునిండా తిని బయల్దేరాలి, జేబులో డబ్బు తక్కువుండాలి, తాగని మనిషి పక్కనుండాలి, చీకటి పడకముందే తిరిగిరావాలి.

చాలామంది పట్టించుకోనిది నిద్ర. మానేశాక వారాలు, ఒక్కోసారి నెలలు సరిగ్గా పట్టదు. "ఒక్క క్వార్టర్ వేస్తే పడుకుంటాను" అనే మాట అక్కడే పుడుతుంది. ఆ దశలోనే డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు రోజూ తాగుతుంటే ఇంట్లో కట్టేసి ఆపకండి. ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, 48 గంటల్లోపు ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడటం, పిచ్చిమాటలు రావచ్చు. గాలి సోకిందని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో చేర్చండి. ఆర్‌ఎంపీ గ్లూకోజ్ పెడతానంటే, ముందు విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇవ్వాలని చెప్పండి. అది లేకుండా గ్లూకోజ్ ఎక్కితే మెదడు దెబ్బతినొచ్చు.

ఇంకోటి, దయచేసి వినండి. మందు మాన్పించే డైసల్ఫిరామ్ గోళీని చెప్పకుండా కూరలో కలపకండి. తెలియక తాగితే బీపీ పడిపోయి చనిపోవచ్చు. కోరిక తగ్గించే నాల్‌ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు వేరే గోళీ. లివర్ పరీక్ష చూసి డాక్టరే రాయాలి.

పెళ్లిరోజు మొదటి గ్లాసుకు ముందు ఏం జరిగిందో తిట్టకుండా అడగండి: ఎవరు పిలిచారు, అప్పటికి తిన్నాడా, ముందురాత్రి పడుకున్నాడా. ఆ జవాబులు డాక్టరుకు చెప్పండి. ఈలోపు 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు.