టెక్ సందేహాలు: కెమెరాలో క్యాలెండర్ అయిపోతే?

ప్రశ్న: మా పాత డిజిటల్ కెమెరా ఇప్పటికీ చక్కగా ఫొటోలు తీస్తోంది. కానీ తేదీ మెనూలో 2025 దాటితే మళ్లీ 2000 వస్తోంది. మదర్‌బోర్డు మార్చాలని రిపేరు షాపులో చెప్పారు. మార్పించమంటారా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: వద్దు. అదే మోడల్ బోర్డు వేయిస్తే అందులోనూ అదే ప్రోగ్రామ్, అదే 2025 ఉంటాయి. మెనూలో ఏ సంవత్సరం దాకా చూపాలో తయారీ సమయంలోనే నిర్ణయించి ఉంటారు కాబట్టి, కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరాను నడిపే లోపలి ప్రోగ్రామ్) ఇస్తే తప్ప ఆ హద్దు జరగదు. ఇన్నేళ్ల మోడల్‌కు దాన్ని ఆశించడం అత్యాశే.

అయితే ముందుగా ఒక పరీక్ష చేయండి. తేదీని 2015లో ఏదో ఒక రోజుకు మార్చి, ప్రధాన బ్యాటరీ తీసేసి రాత్రంతా ఉంచండి. మర్నాడు గడియారం సరిగ్గా ముందుకు నడిచి ఉంటే తేదీని నిలిపి ఉంచే లోపలి చిన్న సెల్ బాగున్నట్లే. తేదీ చెరిగిపోయి ఉంటే సెల్ నీరసించింది. చాలా కెమెరాల్లో అది ప్రధాన బ్యాటరీ నుంచే చార్జ్ అవుతుంది కనుక, నిండా చార్జ్ చేసిన బ్యాటరీని ఒకటి రెండు రోజులు అందులోనే ఉంచి మళ్లీ చూడండి. అప్పటికీ నిలవకపోతే సెల్ మార్పించడం సబబే. అందుకు మదర్‌బోర్డు ఖర్చు అడిగితే మాత్రం మరో షాపు చూసుకోండి.

సెల్ బాగుంటే 2026కు బదులు 2015 పెట్టుకోండి. ఆ రెండు సంవత్సరాల్లో తేదీలు, వారాలు ఒకేలా వస్తాయి. అయితే 2016 లీపు సంవత్సరం కనుక, 2027 ఫిబ్రవరి దాటాక ఈ 11 ఏళ్ల లెక్క కుదరదు. 2027కు 2010 పెట్టాలి. లీపు సంవత్సరమైన 2028కి 28 ఏళ్లు వెనక్కి వెళ్లి 2000 పెట్టాలి. వారాన్ని బట్టి ప్రోగ్రాములు రికార్డు చేసే పాత డీవీడీ రికార్డర్లకూ ఈ కిటుకు పనికొస్తుంది. 2015 పెట్టి తీసిన ఫొటోల్లో నమోదైన తేదీలను కంప్యూటర్‌లోకి ఎక్కించాక ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఒక్కసారిగా 11 ఏళ్లు ముందుకు జరపవచ్చు. ఫొటో మీదే తేదీ ముద్రించే సదుపాయాన్ని మాత్రం ఆపేయండి, ఆ అంకెలను తర్వాత దిద్దలేం.

ప్రశ్న: మా రెండో తరం క్రోమ్‌కాస్ట్ (ఫోన్‌లోని వీడియోలను టీవీలో చూపే గూగుల్ పరికరం) 2025 మార్చిలో హఠాత్తుగా ఆగిపోయింది. ఫ్యాక్టరీ రీసెట్ చేసి పక్కన పడేశాం. ఇక దానికి ఆయుష్షు తీరినట్లేనా?

జవాబు: తీరలేదు. ఆ పరికరం అసలైనదేనని ఫోన్‌కు రుజువు చేసే డిజిటల్ సర్టిఫికెట్ల వరుసలో ఒకదానికి పదేళ్ల గడువు 2025 మార్చి 9న ముగిసింది. హార్డ్‌వేర్‌లో ఏ లోపమూ లేకపోయినా అందరివీ ఒకేసారి మొరాయించడానికి అదే కారణం. ఇక్కడ గడువు పొడిగించడం కంపెనీ చేతిలో పని కనుక, గూగుల్ కొద్ది రోజుల్లోనే సవరణ పంపింది. రీసెట్ చేయవద్దని కూడా చెప్పింది, ఎందుకంటే రీసెట్ అయిన పరికరానికి సెటప్ పూర్తికాక చిక్కు వచ్చింది. తర్వాత అలాంటి వారి కోసం గూగుల్ హోమ్ యాప్‌కు అప్‌డేట్ ఇచ్చారు. ముందు ఫోన్‌లో ఆ యాప్‌ను అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే క్రోమ్‌కాస్ట్‌ను కొత్తగా సెటప్ చేయండి.