కార్డు ఉంది, మాత్రలకేం చేయాలి?

ప్రశ్న: మా ఊరి సబ్‌సెంటర్‌కి రంగులేసి ఆరోగ్య మందిర్ అన్నారు. అమ్మకి నమ్మకం లేదు. బీపీ మాత్రలకి 5 లక్షల ఆయుష్మాన్ వైద్యం కార్డు పట్టుకుని పాతపట్నం ఆస్పత్రికి వెళ్తానంటోంది. పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి (ఒడిశా)

జవాబు: రాదమ్మా. ఆ కార్డు ఆస్పత్రిలో చేరినప్పుడే. ఓపీ చీటీకి, నెలనెలా మాత్రలకి చేతిడబ్బే. ఆరోగ్య మందిర్‌లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు, మందులూ ఇస్తారు. 2018లో వెల్‌నెస్ సెంటర్లన్నారు, 2023లో ఈ పేరు పెట్టారు. బోర్డు మారితే నమ్మకం వస్తుందా ఏంటి! మా అత్తగారిని ఒకసారి "స్టాకు లేదు" అని తిప్పి పంపారు. ఏడాది ఆ గడప తొక్కలేదు. తర్వాత వెళ్తే, కొత్తగా వచ్చిన సిస్టర్ బీపీ పట్టీ చుడుతూ, తెలుగులో "పచ్చడి తగ్గించారా?" అని అడిగింది. ఇప్పుడు చీటీ కొంగున ముడేసుకుని తనే వెళ్తోంది. మీ అమ్మగారిని ఒక్కసారి తీసుకెళ్లండి. ఈలోగా మాత్రలు మాత్రం ఆపనివ్వకండి.