నర్సంపేట లాంటి చిన్న టౌన్‌లో బతుకు ఎలా ఉంటుంది?

"హైదరాబాద్ వదిలి వరంగల్ దగ్గర చిన్న టౌన్‌కు మారితే బోర్ కొడుతుందా?" అని అడిగారు. మొదటి రెండు నెలలు కొడుతుంది. తర్వాత అలవాటైపోతుంది.

మాది నర్సంపేట. ఇక్కడ రైల్వే స్టేషన్ లేదు, రైలెక్కాలంటే నెక్కొండకో వరంగల్‌కో పోవాలి. పెద్ద డాక్టరు కావాలన్నా వరంగలే, బస్సులో దాదాపు గంట. రాత్రిపూట ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే ఆ గంటే అసలు టెన్షన్.

ప్రశాంతం అంటారు గానీ, మనుషులు ఊరికే ఉండరు. కూరగాయలకు బయల్దేరితే అరుగు మీది అవ్వ "ఏడికి వోతున్నవ్ బిడ్డా?" అంటుంది. తిరిగొచ్చేటప్పుడు సంచి వంక చూసి, "టమాటా కిలో ఎంతకిచ్చిండు?" ధర చెప్పగానే "నిన్ను ముంచిండు పో" అని తీర్పు. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది చికాకే. కానీ మొన్న నేను ఊళ్లో లేనప్పుడు వానొస్తే, దండెం మీది బట్టలు తీసి మడతపెట్టి ఉంచింది కూడా ఆమే.

మిర్చి, పత్తి చేతికొచ్చే నెలల్లో మాత్రం సందడి. ధర పలికితే బట్టల షాపులు నిండుతాయి, లేకుంటే కిరాణా కొట్టు ఖాతా పుస్తకం నిండుతుంది.

ఆదివారం? బండేసుకుని పాకాల చెరువుకు. 1213 ప్రాంతంలో, కాకతీయుల కాలంలో కట్టిన చెరువు అది. చుట్టూ అడవి. కట్ట మీద కూర్చుంటే పొద్దు గూకేది తెలియదు. మాల్స్, కాఫీ షాపులు లేకుండా ఉండలేనంటే మాత్రం హనుమకొండలోనే ఇల్లు చూసుకోండి.