కట్టెల్లో కట్లపాము దూరింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. మొన్న రాత్రి పెరట్లో పొయ్యికట్టెలు తీయబోతే నల్లగా నిగనిగలాడుతూ, ఒంటి మీద తెల్లగీతలున్న పాము ఒకటి కట్టెల సందులోకి దూరింది. పక్కింటి ఒడియావాళ్ళు చూసి చితి సాప అన్నారు. మావారు కట్టెలన్నీ లాగి కొట్టేద్దాం అంటారు, అత్తయ్యేమో వెల్లుల్లి దంచి చల్లమంటారు. పిల్లలూ ఆవిడా నేల మీద చాపేసుకుని పడుకుంటారు. టెన్షన్‌తో నాకు నిద్ర లేదు.

జవాబు: చితి సాప అంటే మన కట్లపామే అమ్మా. మీరంతా కట్టెల వైపు చూస్తున్నారు గానీ నా భయమంతా ఆ చాప గురించే. ఈ పాము పగలంతా ముడుచుకుని పడుంటుంది, రాత్రి ఎలుకల కోసమో, చిన్న పాముల కోసమో తిరుగుతూ ఇంట్లోకి వస్తుంది, నిద్రలో మన చెయ్యో కాలో దాని మీద పడితే కరుస్తుంది. ఈ రాత్రే అందరినీ మంచాలెక్కించండి. మంచాలు చాలకపోతే చాప మీదే దోమతెర కట్టి అంచులు చాప కిందికి గట్టిగా దోపేయండి.

కొట్టడానికి మాత్రం వెళ్ళొద్దు, అలా కొట్టబోయి కాటు తినేవాళ్ళూ ఉన్నారు. ఫారెస్టువాళ్ళకి ఫోన్ చేసి పాములు పట్టడం వచ్చిన మనిషిని పంపమనండి, కట్టెల దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. వెల్లుల్లి, ఫినాయిలు వాసన మనకే మిగులుతుంది, పాము పోదు.

ఇంకో సంగతి, దీని కాటుకి నొప్పీ వాపూ పెద్దగా ఉండవు, గుర్తు దోమకుట్టులా ఉంటుంది, ఒక్కోసారి అదీ కనపడదు. మా ఊళ్ళో ఒకాయన తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తే అజీర్తేమో అని వాము నమిలించారు. కాసేపటికి రెప్పలు వాలిపోయి, ఎదుటి మనిషిని చూడ్డానికి గడ్డం పైకెత్తుతుంటే, నిద్రమత్తేమో అనుకున్నారు. మాట ముద్దయ్యాక గానీ అనుమానం రాలేదు. బతికాడు, కాకపోతే వెంటిలేటర్ దాకా వెళ్ళొచ్చాడు.

అలాంటి లక్షణాలు కనిపిస్తే గాటు కనపడలేదని ఆగొద్దు. తాడు కట్టడం, కోయడం, పసరు పోయడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. మనిషిని నడిపించకుండా, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, 108కి ఫోన్ చేసి పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పామును చంపి పట్టుకెళ్ళే పనిలేదు, నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ మనదగ్గర ఇచ్చే విరుగుడు మందు ఒకటే, పిల్లలకైనా పెద్దలకైనా అదే మోతాదు. మీకు దగ్గరున్న ఆసుపత్రిలో ఆ మందు ఉందో లేదో రేపే వెళ్ళి అడిగి ఉంచుకోండి.

అత్తయ్య నేలే హాయి, మంచం ఎక్కనంటారేమో, ఆ వయసులో అంతే. ఆవిడతో పోట్లాడకండి, దోమతెర మీరే కట్టి, అంచులు మీరే దోపి, టార్చిలైటు తెర లోపల దిండు పక్కన పెట్టండి.