1.2 మీటర్లే కదా, దిగొచ్చా? పెర్త్‌కు కొత్తగా వచ్చిన గంజాం వాళ్లకు రీఫ్ కెరటాల సంగతి

ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు నుంచి చదువుకని ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని పెర్త్‌లో దిగే పిల్లలు ఒకటి రెండు నెలల్లోనే అడిగే ప్రశ్న ఇది: “యాప్‌లో స్వెల్ 1.2 మీటర్లు, గాలి 6 నాట్లు అని ఉంది. గోపాలపూర్‌లో ఇంతకన్నా పెద్ద కెరటాల్లో మునిగి తేలాం. సర్ఫింగ్ బోర్డు పట్టుకుని రీఫ్ మీదికి వెళ్లొచ్చా?”

స్వెల్ అంటే దూరాన గాలికి లేచి తీరానికి నడిచొచ్చే కెరటాలు, రీఫ్ అంటే నీటి అడుగున ఉండే రాతిదిబ్బ. ఆ రెండు అంకెలతో జవాబు చెప్పడం కుదరదు. కెరటానికీ కెరటానికీ మధ్య ఎన్ని సెకన్లు, స్వెల్ ఏ దిక్కు నుంచి, రాయి మీద ఎంత నీరు. ఈ మూడూ తెలిస్తేనే మిగతా మాట.

ముందు కింద ఏముందో చూడండి. గోపాలపూర్‌లో కింద ఇసుక. వానాకాలపు కెరటాలు ఒడ్డు కోసుకుపోయి ఆ ఇసుకను లోపల తిన్నెగా పోస్తాయి, సముద్రం నెమ్మదించాక అదే ఇసుక మెల్లగా ఒడ్డుకు చేరుతుంది. అందుకే అక్కడ కెరటం ఈ నెల ఒకచోట, వచ్చే నెల ఇంకోచోట విరుగుతుంది. కిందపడితే నోట్లో ఇసుక, ఒంటిమీద రెండు గీతలు, అంతే. రీఫ్ అంటే రాయి. పెర్త్ తీరంలో అది ఎక్కువగా సున్నపురాయి, గుల్లలు గుల్లలుగా, అంచుల కింద బొరియలతో ఉంటుంది. రాయి కదలదు కాబట్టి కెరటం ప్రతిసారీ అదే చోట లేచి అదే చోట విరుగుతుంది. సర్ఫింగ్ చేసేవాళ్లు రీఫ్‌ను ఇష్టపడేది అందుకే. కొత్తవాళ్లు మోసపోయేదీ అక్కడే. చూడటానికి లెక్క ప్రకారం నడిచే యంత్రంలా ఉంటుంది గనక, లొంగిపోతుందనిపిస్తుంది.

మామూలుగా కెరటం తన ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతున్న చోట విరుగుతుంది. మీటరున్నర కెరటం రెండు మీటర్ల నీళ్లలో విరుగుతుందన్నమాట. ఇది ఏటవాలు ఇసుక లెక్క. లోతు నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచిన రాతి అంచు దగ్గర ఇంత మర్యాద ఉండదు. కెరటం కాలికి హఠాత్తుగా రాయి తగులుతుంది, తల మాత్రం అదే జోరులో ముందుకొస్తుంది, ఇంకా తక్కువ లోతులో బోర్లా పడుతుంది. పైగా లేచేటప్పుడు తన ముందున్న నీటిని తనలోకి లాక్కుంటుంది. రెండు కెరటాల మధ్య నడుము లోతు కనిపించిన రాయి మీద, కెరటం విరిగే క్షణానికి మోకాలి లోతే మిగలొచ్చు.

ఇక సెకన్ల లెక్క. ఫోర్‌కాస్ట్‌లో ‘పీరియడ్’ అని ఉంటుంది, ఎత్తు కంటే ముందు దాన్ని చూడండి. లోతైన సముద్రంలో కెరటం పొడవు మీటర్లలో రావాలంటే పీరియడ్‌ను దానితోనే గుణించి, మళ్లీ 1.56తో గుణించాలి. 8 సెకన్లకు 100 మీటర్లు, 16 సెకన్లకు 400 మీటర్లు. తన పొడవులో సగం లోతుకు రాగానే కెరటానికి నేల తెలుస్తుంది. అంటే 8 సెకన్లది 50 మీటర్ల లోతులో, 16 సెకన్లది 200 మీటర్ల లోతులోనే అడుగును పట్టుకుని వంగడం, కూడుకోవడం మొదలుపెడుతుంది. ఎత్తు సమానమైనా 16 సెకన్లది మోసుకొచ్చే శక్తి రెండింతలు. అది రీఫ్ మీదికి వచ్చాక, ఫోర్‌కాస్ట్‌లో చూసిన ఎత్తును దాటి నిలబడుతుంది.

కాబట్టి 1.2 మీటర్లు, 8 సెకన్లు అంటే గాలికి లేచిన బలహీనమైన అల. 1.2 మీటర్లు, 16 సెకన్లు అంటే కొత్తవాళ్లు రీఫ్ వైపు వెళ్లకూడని రోజు.

అన్నిటికన్నా మోసం చేసేది ఇంకొకటి ఉంది: అర మీటరు, 18 సెకన్లు. అంకె చూసి “ఈరోజు సముద్రం చెరువులా ఉంది” అనుకుంటారు. అసలు జరుగుతున్నది వేరు. దక్షిణాన 40, 50 డిగ్రీల అక్షాంశాల్లో ఎక్కడో తుపాను రేగింది. అక్కడి నుంచి బయలుదేరిన కెరటాల్లో పొడవైనవి వేగంగా, పొట్టివి నెమ్మదిగా వస్తాయి. 16 సెకన్ల స్వెల్ గంటకు 45 కిలోమీటర్లు, 10 సెకన్లది 28 కిలోమీటర్లు నడుస్తుంది. తుపాను 2,500 కిలోమీటర్ల దూరంలో ఉంటే మొదటిది రెండు రోజుల పైచిలుకులో చేరుతుంది, రెండోది చేరడానికి దాదాపు నాలుగు రోజులు. ముందొచ్చే ఆ పొడవాటివి ఎత్తు తక్కువగా, చాలా ఎడంగా వస్తాయి. పావుగంటసేపు ఏమీ ఉండదు, తర్వాత వరసగా నాలుగైదు లేస్తాయి. మధ్యాహ్నానికి ఆ అర మీటరు కాస్తా రెండు మీటర్లు అయిందంటే ఆశ్చర్యపడక్కర్లేదు. గోపాలపూర్‌లో గాలే లేని రోజున పొడవాటి కెరటాలు వచ్చి ఒడ్డున పెట్టిన తెప్పలను తడపడం చూసే ఉంటారు. అవీ ఇదే దక్షిణ సముద్రపు సరుకు. ఆరువేల కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చేసరికి అలిసిపోయి ఉంటాయి, పెర్త్‌కు అలవకముందే వస్తాయి.

ఫోర్‌కాస్ట్‌లో రాసే ఎత్తు కూడా ఉన్న కెరటాల్లో పెద్దవైన మూడో వంతు సగటు మాత్రమే. ఒక్కో కెరటం రెండింతల దాకా రావచ్చని, ఉన్నట్టుండి వీచే ఈదురుగాలి సూచనలో చెప్పిన గాలి కంటే 40 శాతం ఎక్కువ ఉండవచ్చని ఆస్ట్రేలియా వాతావరణ శాఖే తన సముద్ర సూచనల్లో రాస్తుంది. ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు.

పెర్త్ నగర తీరానికి ఒక రక్షణ ఉంది. రాట్‌నెస్ట్ దీవి, దాని అటూ ఇటూ ఉన్న రీఫ్‌లు స్వెల్‌ను చాలావరకు మింగేస్తాయి. రాట్‌నెస్ట్ దగ్గర ఒకటి, కాటెస్లో దగ్గర ఒకటి కెరటాలు కొలిచే బోయాలు ఉన్నాయి, వాటి కొలతలు ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తాయి. రెండూ పక్కపక్కన పెట్టి వారం రోజులు చూడండి, ఎంత తగ్గుతుందో మీకే పట్టుబడుతుంది. అయితే పెర్త్ నగరపు ట్రిగ్ బీచ్‌లో చూసిన అంకెను దక్షిణాన ఉన్న మార్గరెట్ రివర్ తీరానికి పట్టుకెళ్లకండి. అక్కడ అడ్డం ఏమీ లేదు. ఆ వైపున్న కేప్ నాచురలిస్ట్ బోయా చూపించిందే ఇంచుమించు మీ నెత్తిన పడుతుంది.

గాలి విషయంలో మన వాళ్లు తడబడేది దిక్కుల దగ్గరే. గోపాలపూర్‌లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, పెర్త్‌లో సముద్రంలోకి దిగుతాడు. అక్కడ తూర్పుగాలి సముద్రం మీంచి ఒడ్డుకు కొట్టేది, ఇక్కడ అదే తూర్పుగాలి నేల మీంచి సముద్రం వైపు పోయేది. నేల గాలి కెరటం ముఖాన్ని ఎదురుగా తోసి నున్నగా నిలబెడుతుంది, సముద్రపు గాలి వెనక నుంచి తోసి ముందే పడగొట్టి చిందరవందర చేస్తుంది. చలికాలం పొద్దున్నే మన ఊళ్లో కొండల వైపు నుంచి వీచే వాయవ్యపు గాలి చేసే పనిని, ఇక్కడ వేసవి పొద్దుట తూర్పుగాలి చేస్తుంది. గాలికీ స్వెల్‌కూ వచ్చే దిక్కుతో పేరు పెడతారని, ప్రవాహానికి మాత్రం పోయే దిక్కు చెబుతారని గుర్తుపెట్టుకోండి.

నైరుతి అనగానే మనకు వాన. పెర్త్ వేసవిలో నైరుతి అంటే మధ్యాహ్నపు సముద్రపు గాలి, ఊరివాళ్లు ముద్దుగా ‘ఫ్రీమాంటిల్ డాక్టర్’ అంటారు. 15 నుంచి 20 నాట్లు మామూలు. అది ఎప్పుడొస్తుందన్నది తీరం వెంబడి ఉత్తర దక్షిణాలుగా పడుకునే అల్పపీడన ద్రోణి చేతిలో ఉంటుంది. ద్రోణి సముద్రం వైపు ఉంటే తూర్పుగాలి గట్టిగా, ఎండ మండిపోతూ, డాక్టర్ ఆలస్యంగా వస్తాడు, ఒక్కోరోజు అసలు రాడు. ద్రోణి లోపలి నేల మీదికి జరిగితే ఉదయం పదకొండుకే దిగిపోతాడు. వాతావరణ పటంలో ఆ గీత ఎక్కడుందో చూస్తే చాలు, ఎన్నింటికి నీళ్లలోంచి బయటపడాలో తెలుస్తుంది.

జూన్ నుంచి ఆగస్టు దాకా కథ మారుతుంది. చలిగాలుల ఫ్రంట్లు, అంటే చల్లగాలి తోసుకొచ్చే అంచులు, వరసగా వస్తాయి. ఫ్రంట్‌కు ముందు వాయవ్యగాలి పెరుగుతుంది, అది దాటగానే వానతో పాటు నైరుతికి తిరుగుతుంది. ఆ రెండు పూటలూ రీఫ్ జోలికి పోవద్దు. వెనకే అధిక పీడనం వచ్చి గాలి ఆగ్నేయానికి తిరిగి తగ్గుతుంది, స్వెల్ మాత్రం ఇంకా ఉంటుంది. తెలిసినవాళ్లు సెలవు పెట్టేది ఆ రోజునే.

ఆటుపోట్లలో ఇంకో తేడా. మన ఊళ్లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పెర్త్‌లో చాలా రోజులు ఒక్కో పోటు, ఒక్కో పాటు, అదీ మీటరు లోపే. “ఇంతేనా” అని కొట్టిపారేయకండి. రాయి మీద 80 సెంటీమీటర్ల నీరున్నప్పుడు 40 సెంటీమీటర్లు తగ్గడమంటే సగం పోయినట్టే. పైగా గాలి పీడనం 1 హెక్టోపాస్కల్ పెరిగితే సముద్రం సుమారు 1 సెంటీమీటరు అణుగుతుంది. ఎండకాసే అధిక పీడనపు రోజున టైడ్ టేబుల్‌లో (ఆటుపోట్ల పట్టికలో) ఉన్నదానికన్నా నీరు తక్కువ ఉంటుంది. సెమిస్టర్ సెలవుల్లో బాలి వెళ్లేవాళ్లకు ఈ పెర్త్ అలవాటే గొడ్డలిపెట్టు. అక్కడ పోటు పాటు తేడా రెండు మీటర్లు దాటుతుంది. పొద్దున ఈదిన చోట సాయంత్రానికి పగడపు రాయి బయటపడుతుంది. అక్కడ ముందు టైడ్ టేబుల్, తర్వాతే స్వెల్.

అంకెలన్నీ సరిపోయినా ఒడ్డున కూర్చోవడం తప్పదు. ఆర్జిపల్లి, బక్సిపల్లి వైపు మన నోలియా జాలర్లు తెప్ప దింపే తీరు గుర్తుచేసుకోండి. తెప్పను నీటి అంచుకు తెచ్చి నిలబడతారు, తొందరపడరు. పెద్ద కెరటాల వరస ఒకటి పోనిచ్చి, ఆ వెనక వచ్చే సందులో ఒక్క తోపు తోస్తారు. రీఫ్ దగ్గర చేయాల్సింది అచ్చం అదే, కాకపోతే ఇంకా ఎక్కువసేపు. కనీసం అరగంట. వరసలో ఎన్ని కెరటాలు, వరసకీ వరసకీ ఎన్ని నిమిషాలు, అన్నిటికన్నా పెద్దది ఎక్కడ విరిగింది, ఇవి ఫోన్‌లో రాసుకోండి. అరగంటలో ఒక్కసారైనా నీటిలోంచి రాయి తేలినట్టు కనిపిస్తే, నీటి మీద ఒకేచోట గుండ్రంగా సుడి మరిగినట్టు కనిపిస్తే ఆ రోజుకు కాఫీ తాగి ఇంటికి పోవడమే.

తర్వాత చానెల్ వెతకండి. రీఫ్ మీదుగా లోపలికొచ్చిన నీరంతా ఎక్కడో ఒకచోట బయటికి పోవాలి. ఆ దారి రంగు ముదురుగా, కెరటాలు విరగకుండా, పైన చిన్న చిన్న ముడతలతో ఉంటుంది. బోర్డు మీద లోపలికి వెళ్లేది దాని వెంబడే. అలసిపోయి అక్కడ చిక్కుకుంటే అదే మిమ్మల్ని సముద్రంలోకి లాగేస్తుంది. దానికి ఎదురీదకండి, పక్కకు ఈది విరిగే కెరటాల వైపు తప్పుకోండి. ట్రిగ్‌లో ‘బ్లూ హోల్’ అని పేరున్న చోటు ఈ లాగుడుకే పేరుమోసింది. బయటి నుంచి చూస్తే నీలంగా, నెమ్మదిగా, పిల్లలు ఆడుకునే చోటులా ఉంటుంది.

నీళ్లలోకి వెళ్లాక, కెరటం మొదట విరిగే శిఖరానికి దగ్గరగా ఉన్నవాడిదే ఆ కెరటం. వాడు లేచాక మీరు ముందు దూకితే తిట్లు తినడమే కాదు, ఇద్దరి బోర్డులూ రాయి మీదికే. పడేటప్పుడు తల ముందు పెట్టి దూకొద్దు, కాళ్లు కిందికి చాపొద్దు. చేతులూ కాళ్లూ వెడల్పుగా పరిచి, చాప పరిచినట్టు పడాలి. మునిగాక చేతులు తల చుట్టూ. తేలేటప్పుడు ముందు చెయ్యి, తర్వాత తల. కాలు మోపడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు, ఇసుక మీద పెరిగిన కాలు దానంతటదే కిందికి పోతుంది. బొరియలో పాదం ఇరుక్కున్నాక వెనక కెరటం వస్తే చీలమండ పని అయినట్టే. తిరిగొచ్చేటప్పుడు బోర్డు మీద బోర్లా పడుకునే రండి, బోర్డు కింది రెక్కలు నేలకు తగులుతాయనిపించేదాకా లేవొద్దు. లీష్, అంటే బోర్డును కాలికి కట్టే తాడు, పొడవు బోర్డు పొడవుకు దగ్గరగా ఉండాలి.

మొదటి ఆరు నెలలు పెర్త్‌లోని స్కార్బరో బీచ్ ఇసుక మీద, ఎరుపు పసుపు జెండాల దగ్గర, సర్ఫింగ్ నేర్పే వాళ్ల చేతుల్లో గడపండి. జెండాలు కాపలా ఉన్న బీచ్‌లకే, చాలా రీఫ్‌లకు కాపలా లేదు. సొరచేపల హెచ్చరికలు చెప్పే షార్క్‌స్మార్ట్ యాప్ ఫోన్‌లో వేసుకోండి. సొరచేపల భయం వట్టిది కాదు: 2018 ఏప్రిల్‌లో మార్గరెట్ రివర్ వైపున్న గ్రేస్‌టౌన్ దగ్గర ఒకేరోజు రెండు దాడులు జరిగాక మార్గరెట్ రివర్ సర్ఫింగ్ పోటీని మధ్యలోనే రద్దు చేశారు. అయినా మిమ్మల్ని ఆసుపత్రికి పంపే అవకాశం సొరచేప కంటే రాయికే ఎక్కువ.

రాయి గీరితే ఉప్పునీళ్లతో కడిగి ఊరుకోవద్దు. మంచినీళ్లు ధారగా పోసి, మెత్తటి బ్రష్‌తో లోపలి ఇసుక, గుల్ల ముక్కలు పోయేదాకా రుద్దండి. మంట పుడుతుంది, పుట్టనివ్వండి. తర్వాత యాంటీసెప్టిక్, పొడి కట్టు. రెండు మూడు రోజుల్లో ఎరుపు చుట్టూ పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి. టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో ఇంటికి ఫోన్ చేసి కనుక్కోండి, అమ్మకు గుర్తుంటుంది. కాబ్లర్ అనే చేప ముల్లు గుచ్చుకుంటే, అది మన జెల్ల జాతిదే. జెల్ల ముల్లు పోటు ఎలా ఉంటుందో తీరం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఓర్చుకోగలిగినంత వేడి, 45 డిగ్రీలు మించని నీళ్లలో పాదం పెట్టి ఉంచండి, నొప్పి తగ్గుతుంది. తిమ్మిరిగా ఉన్న కాలికి వేడి తెలియదు, కాబట్టి నీళ్లను ముందు రెండో కాలితో చూసుకోండి.