తోడేలుకు ఆశ్రయం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: గుట్ట వెంబడి బొరియలో మూడు తోడేలు కూనలు దొరికాయని మా గొర్రెల కాపరులు ఒకదాన్ని తెచ్చి నాకిచ్చారు. కళ్ళు ఇప్పుడిప్పుడే తెరుస్తోంది. దీన్ని పెంచి, ఇలాంటివాటి కోసం ఒక ఆశ్రమం పెట్టాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– పలమనేరు పాఠకుడు

జవాబు: ఆశ్రమం మాట తర్వాత, ముందు ఆ కూన సంగతి చూడండి. దయచేసి ఈ రోజే అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు కబురు చేయండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందనేది అపోహ. కానీ బొరియను ఎవరో కెలికారని తెలిస్తే తల్లి మిగతా కూనలను నోట కరుచుకుని వేరేచోటికి మార్చేస్తుంది. ఆలోపు సిబ్బంది సాయంతో అదే బొరియకు చేరితేనే దానికి తల్లి దక్కుతుంది. వాళ్ళు వచ్చేదాకా అట్టపెట్టెలో పాత గుడ్డ పరిచి, వెచ్చగా, చీకటిగా ఉంచండి. ఇంట్లో కుక్కలుంటే దరిదాపులకు రానివ్వకండి. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులు వాటి నుంచే అంటుతాయి. ఆవుపాలు పట్టకండి. తోడేలు పాలకన్నా వాటిలో కొవ్వు, మాంసకృత్తులు తక్కువ, లాక్టోజ్ ఎక్కువ. విరేచనాలు పట్టుకుంటే ఆ వయసు కూన ఒక్క రోజులో నీరసించిపోతుంది. ఒళ్ళు చల్లబడ్డ కూనకైతే ఏమీ తాగించకూడదు, ముందు వెచ్చబడాలి.

చట్టం సంగతీ తెలుసుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో తోడేలు షెడ్యూల్ 1 జంతువు, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలోది. చేతికి వచ్చిన 48 గంటల్లోపు దగ్గరి పోలీసు స్టేషన్‌కో, అధీకృత అటవీ అధికారికో తెలియజేయాలి. ఈ షెడ్యూల్ జంతువుల విషయంలో నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. అడవి తోడేళ్ళకు ఆశ్రమం పెట్టడం ట్రస్టు రిజిస్టర్ చేసినంత మాత్రాన కుదరదు. రెస్క్యూ సెంటర్ కూడా చట్టం దృష్టిలో జూ కిందికే వస్తుంది కాబట్టి కేంద్ర జూ అథారిటీ గుర్తింపు ఉండాలి. తిరుపతిలో 1987 నుంచి శ్రీవేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఉంది. సర్కస్‌ల నుంచి విడిపించిన సింహాలు, పులులు చేరిన రెస్క్యూ సెంటర్ అక్కడిదే. మీ మనసు నిజంగా తోడేళ్ళ మీదే ఉంటే అక్కడ ఒక జంతువు తిండి ఖర్చు భరిస్తామని అడగండి. కొత్త బోను కట్టడంకన్నా అది మంచి పని అని మా గట్టి నమ్మకం.

ప్రశ్న: మాకు రెండెకరాలుంది. యజమానులు వదిలేసిన తోడేలు–కుక్క సంకరాలకు లాభాపేక్ష లేని ఆశ్రమం పెట్టాలనుకుంటున్నాం. కంచె ఎలా వేయాలి?
– చంద్రగిరి

జవాబు: అమ్మకందారు 'వుల్ఫ్ డాగ్' అన్నంత మాత్రాన అందులో తోడేలు రక్తం ఉందనుకోకండి. చాలావరకు అవి హస్కీ, మాలమ్యూట్, జర్మన్ షెపర్డ్ కలిసిన కుక్కలే. అసలైన సంకర జాతులూ ఉన్నాయి. 1955లో చెకోస్లొవేకియాలో జర్మన్ షెపర్డ్‌తో కార్పేతియన్ తోడేలును కలిపిన ప్రయోగం నుంచి వచ్చిన జాతి అలాంటిదే. మన దేశంలో ఊరకుక్కలతో తోడేళ్ళు కలుస్తున్నాయని పుణె దగ్గరి నమూనాల జన్యు పరీక్షల్లో తేలింది, ఆ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అందుకే ప్రతి జంతువు ఎక్కడిదో, ఎవరు ఇచ్చారో రాతపూర్వకంగా తీసుకోండి. అనుమానం ఉంటే చేర్చుకోకముందే జిల్లా అటవీ అధికారికి లేఖ ఇవ్వండి.

ఇక కంచె. ఒక జతకు కనీసం అర ఎకరం అనుకోండి, అంటే 45 మీటర్ల చదరం, చుట్టుకొలత 180 మీటర్లు. 10 గేజ్ చైన్‌లింక్ జాలి, కన్ను రెండంగుళాలు, ఎత్తు ఎనిమిది అడుగులు. దానిపైన లోపలి వైపుకు 45 డిగ్రీలు వంచిన రెండడుగుల జాలి. రెండంగుళాల జీఐ పైపు స్తంభాలు రెండున్నర మీటర్లకొకటి, రెండున్నర అడుగుల లోతు కాంక్రీటులో. నలువైపులా కలిపి 72 స్తంభాలు పడతాయి.

అసలు కష్టం పైన కాదు, కింద. ఈ జంతువులు దూకడంకన్నా ఎక్కువగా తవ్వుతాయి, అదీ కంచె మొదట్లోనే. అందుకే లోపలివైపు మూడు నాలుగు అడుగుల వెడల్పున జాలి నేలమీద పరిచి, నిలువు జాలికి అడుగుకొకచోట తీగతో బిగించి, పైన ఆరంగుళాల మట్టి వేయాలి. మన వైపు నేల ఒకచోట ఎర్రమట్టి, పది గజాల అవతల రాతిపొర. రాయి తగిలినచోట జాలి పరవడం కుదరదు, అక్కడ కాంక్రీటు దిమ్మె పోసి జాలి అంచును అందులో పాతేయాలి. నవంబరు, డిసెంబరు వానలకు కింది మట్టి కొట్టుకుపోయి జాలి తేలుతుంది. జంతువు బయటపడే ముప్పు అలాంటి వాన వెలిసిన తెల్లవారే ఎక్కువ. వానాకాలంలో రోజూ పొద్దున్నే కంచె వెంబడి నడవాలి. మూలల దగ్గర మరింత జాగ్రత్త, రెండు వైపులా కాళ్ళు తన్ని పైకెక్కేది అక్కడే. కంచెకు పదడుగుల లోపు చెట్టుకొమ్మ, బండ, పుట్ట ఏదీ ఉండకూడదు.

ద్వారాలు రెండు, ఒకదాని వెనక ఒకటి, మధ్యలో మనిషి, బండి పట్టేంత చోటు. లోపలి తలుపు లోపలికే తెరుచుకోవాలి, జంతువు తోస్తే మూసుకునేలా. పక్కపక్క ఆవరణలకు ఒకే జాలి పంచకండి. కంచె సందుల్లోంచి కొట్లాడుకుని కాలివేళ్ళు పోగొట్టుకుంటాయి. మధ్యన నాలుగడుగుల ఖాళీ వదలండి. ప్రతి ఆవరణకూ పది అడుగుల గది, బయటినుంచి తాడు లాగితే లేచే తలుపు తప్పనిసరి. అది లేకపోతే శుభ్రం చేయడమూ కష్టమే, వైద్యం చేయడమూ కష్టమే.

ప్రశ్న: కోళ్ళ దుకాణాల్లో మిగిలే పేగులు, చర్మం ఉచితంగా ఇస్తామంటున్నారు. సరిపోతాయా?
– శ్రీకాళహస్తి

జవాబు: వద్దు. పేగుల్లో సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా ఉండొచ్చు, చర్మంలో ఉండేది ఎక్కువగా కొవ్వే. 35 కిలోల సంకరానికి రోజుకు సుమారు 1.2 కిలోల మాంసం, అందులో కొంత పచ్చి ఎముక. వారంలో ఒక రోజు ఉపవాసం. పది జంతువులకు నెలకు 26 రోజుల లెక్కన 312 కిలోలు. దున్నమాంసం కొంటే లైసెన్సు ఉన్న కబేళా నుంచే, ప్రతిసారీ బిల్లుతో. ఎముక లేని మాంసమే దొరికితే కిలోకు ఆరు గ్రాముల కాల్షియం కార్బోనేట్ కలపండి. ఉత్త మాంసంలో భాస్వరం ఎక్కువ, సున్నం దాదాపు లేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి శరీరం ఎముకల్లోంచే సున్నం లాగుతుంది, కూనలకు కాళ్ళు వంకరపోతాయి. ఉడికించిన ఎముక ఎప్పుడూ పెట్టకండి, చీలికలై పేగును చీలుస్తుంది. తిండి ఒక్కొక్కదానికి విడిగా గదిలో పెట్టాలి, మందలో పెడితే చివరిది పస్తే. ఎండాకాలంలో సాయంత్రం పొద్దు వాలాక పెట్టండి.

ప్రశ్న: సంరక్షకుణ్ణి సంకరం కరిస్తే కుక్కకాటులాగే పది రోజులు గమనిస్తే చాలా?
– చిత్తూరు

జవాబు: చాలదు. రేబిస్ విషయంలో ఆ పది రోజుల లెక్క కుక్కలకు, పిల్లులకు మాత్రమే. అడవి జంతువు కరిస్తే మూడో తరగతి (అత్యంత తీవ్రమైన) గాయంగా చూడాలి, తోడేలు రక్తమున్న సంకరాన్నీ అలాగే చూడాలన్నది మా సలహా. గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. ముందే రేబిస్ టీకాలు లేనివారికి టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధ ప్రతిరక్షకాలు) కూడా ఇస్తారు. సిబ్బంది అందరికీ పని మొదలుకాకముందే 0, 7 రోజుల్లో, ఆపై 21 లేదా 28వ రోజున ముందస్తు టీకాలు వేయించండి. అప్పుడు కరిస్తే 0, 3 రోజుల్లో రెండు బూస్టర్లు చాలు. జంతువులకు డిస్టెంపర్ టీకా వేసేముందు తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వైద్యులను అడగండి. బలహీనపరిచిన సజీవ వైరస్ టీకా ఆఫ్రికా అడవికుక్కల్లో ఆ రోగాన్నే తెచ్చిన సందర్భాలున్నాయి.

ప్రశ్న: పెద్దయ్యాక వాటిని శేషాచలం అడవిలో వదలవచ్చా? సందర్శకులను రానివ్వవచ్చా?
– పీలేరు

జవాబు: వదలకూడదు. మనిషికి అలవాటుపడ్డ జంతువు నేరుగా ఊళ్ళోకే వస్తుంది, పైగా దాని రక్తం అడవి తోడేళ్ళలో కలుస్తుంది. అందుకే చేరిన ప్రతిదానికీ గర్భనిరోధక శస్త్రచికిత్స చేయించాలి. సందర్శకులు రావచ్చు, కానీ ఆరడుగుల దూరంలో రెండో కంచె బయటే. ముట్టుకోవడం, సెల్ఫీలు ఉండకూడదు. ఇవి 12 నుంచి 15 ఏళ్ళు బతుకుతాయి. నడిపేవారికి ఏదైనా జరిగితే ఎవరు తీసుకుంటారన్నది మరో సంస్థ రాతపూర్వక అంగీకారంగా, ఏడాది తిండి ఖర్చు విడి బ్యాంకు ఖాతాలో నిల్వగా, మొదటి జంతువు రాకముందే ఫైలులో ఉండాలి.