అది వైరస్ ముడత కాదు, తోలించిన ఎరువును అనుమానించండి

ప్రశ్న: అర ఎకరంలో టమాట, మధ్యలో చిక్కుడు, గట్ల వెంట ఆనప వేశాను. నాటే ముందు దగ్గర్లోని డెయిరీ నుంచి 6 ట్రాక్టర్ల పశువుల ఎరువు తోలించాను. మూడు వారాలకు ఆకులు సన్నగా తీగల్లా మారి, కాండం మెలి తిరిగింది. మందుల దుకాణంలో వైరస్ ముడత అన్నారు. తోటంతా ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు రెండుసార్లు, పూత మందు ఒకసారి కొట్టాను. తగ్గలేదు. ఎరువు చాలక వదిలేసిన రెండు సాళ్లు మాత్రం బాగున్నాయి. ఫొటోలు పంపుతున్నాను. వైరస్‌కు గట్టి మందు చెప్పగలరు.
– ఒక రైతు, చేవెళ్ల మండలం, రంగారెడ్డి జిల్లా

జవాబు: వైరస్‌కు గట్టి మందు, మెత్తని మందు అంటూ ఏమీ లేదు. మనం కొట్టేదంతా దాన్ని మోసుకొచ్చే తెల్లదోమకే. అయినా మీ తోటలో ఉన్నది వైరస్ కాదు. ఎరువు పడని రెండు సాళ్లు బాగున్నాయని మీరే రాశారు. తెల్లదోమ ఎరువు ఎక్కడుందో చూసుకుని వాలదు కదా!

ఆకుముడత వైరస్ మొదట అక్కడొక మొక్క, ఇక్కడొక మొక్కలో కనిపించి మెల్లగా పాకుతుంది. ఆకులు పైకి దోనెలా ముడుచుకుంటాయి, అంచులు పసుపెక్కుతాయి. టమాట, చిక్కుడు, ఆనప మూడూ ఒకే వారంలో ఒకేలా పాడవవు. మీ ఫొటోల్లో ఈనెలు దగ్గర దగ్గరగా గీతల్లా ఉన్నాయి, చిగుళ్లు చుట్టుకుపోయాయి, పక్కనే గరిక మాత్రం పచ్చగా నవనవలాడుతోంది. గడ్డిజాతిని వదిలేసి వెడల్పాకు మొక్కలను పట్టేది 2,4-డి రకం కలుపు మందు. పచ్చి పేడ వేడి అయితే ఆకు అంచులు మాడతాయి. అట్రాజిన్ అనే కలుపు మందు అయితే కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కి ఎండుతాయి. రెండింటిలోనూ ఆకు ఇలా మెలి తిరగదు.

ఎరువులోకి ఎలా వచ్చిందంటారా? పెంటకుప్ప మీద, కొట్టం చుట్టూ మొలిచిన వయ్యారిభామ మీద 2,4-డి కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. మొక్కజొన్నలో విత్తిన నెల రోజులకు ఎకరాకు 500 గ్రాముల 2,4-డి సోడియం సాల్ట్ కొట్టి, కొద్ది రోజులకే మేతకు కోసేవాళ్లూ ఉన్నారు. పశువు తిన్న మందు చాలావరకు మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. ఆ మూత్రంతో తడిసిన చొప్ప, పేడ కుళ్లకుండానే మీ ట్రాక్టర్ ఎక్కింది. పైగా ట్రాక్టర్‌కు 2 టన్నులే అనుకున్నా అర ఎకరానికి 12 టన్నులు వేశారు. టమాటాకు బాగా చివికిన ఎరువు ఎకరాకు 8–10 టన్నులు చాలు.

2008లో బ్రిటన్‌లో పెరటి తోటల వాళ్లకు ఇదే జరిగింది. పచ్చిక మీద కొట్టిన అమినోపైరాలిడ్ అనే కలుపు మందు పశువుల కడుపులో విరగకుండా పేడలోకి వచ్చి టమాట, చిక్కుడు, బంగాళాదుంపలను పాడుచేసింది. ఆ ఏడాది దాని అమ్మకాలే నిలిపేశారు. మీ అదృష్టం కొద్దీ 2,4-డి అంత మొండిది కాదు. పదునున్న నేలలో సూక్ష్మజీవులు దాన్ని కొన్ని వారాల్లో విరగ్గొట్టేస్తాయి.

ఇక ఆ దుకాణం సలహా. పూత మందని అమ్మింది ఎన్.ఎ.ఎ. అయితే అదీ ఒక హార్మోనే, 2,4-డి కూడా ఆ కోవదే. హార్మోన్ ఎక్కువై మెలి తిరిగిన మొక్కకు మళ్లీ హార్మోన్ కొట్టించారు! మొక్కను చూడకుండా కౌంటర్ మీద నుంచి చెప్పే జబ్బు పేరు నమ్మి మూడుసార్లు డబ్బు పోశారు. ఇకపై ఈ తోటలో ఏ మందూ కొట్టకండి.

ముందు నిర్ధారించుకోండి, ఖర్చు దోసెడు అలసంద గింజలే. సాళ్లలో పైన గడ్డలుగా ఉన్న ఎరువు ఐదారు చోట్ల నుంచి తీసి ఒక పాలు, మంచి మట్టి ఒక పాలు కలిపి 3 కుండీలు నింపండి. దెబ్బతిన్న సాళ్ల మట్టితో 3, వేరే పొలం మట్టితో 3 పెట్టండి. కుండీకి 4 గింజలు. ఒకదాని నీరు ఇంకోదానిలోకి పోకూడదు. మూడు వారాల్లో, మూడేసి రెక్కలున్న ఆకులు మూడు వచ్చేలోపు తేలిపోతుంది. స్ప్రేయర్‌లో పాత కలుపు మందు మిగిలిందేమో తేలడానికి మంచి మట్టితో ఇంకో 2 కుండీలు పెట్టి, గింజలు మొలిచాక మీ స్ప్రేయర్‌లో ఉత్త నీళ్లు పోసి బాగా కదిపి వాటి మీద కొట్టండి. ఎరువు పడని ఆ రెండు సాళ్లకూ అదే స్ప్రేయర్ వాడారు కనుక తప్పు దానిది కాకపోవచ్చు, అయినా చూడటంలో నష్టం లేదు.

ఈలోగా బాగా మెలి తిరిగిన మొక్కలు పీకేయండి. వాటిని పశువులకు వేయకండి, కంపోస్టు గుంతలోనూ వేయకండి. వాటి కాయలు అమ్మొద్దు, ఇంట్లోనూ వండొద్దు. కొత్త చిగురు మామూలుగా వస్తున్నవి ఉంచండి. పైన గడ్డలుగా కనిపించే ఎరువు గోకి తీసి మొక్కజొన్న చేలో పలచగా చల్లండి. ఖాళీ అయిన సాళ్లను 10 రోజుల తేడాతో రెండుసార్లు తిరగదున్ని, తడి ఇస్తూ ఉండండి. ఎండబెడితే మందు విరగదు. తర్వాత ఆ మట్టిలో మళ్లీ అలసంద మొలిపించి, ఆకు తిన్నగా వస్తేనే కూరగాయ నాటండి. తొందరైతే మొక్కజొన్న గింజకు వేసుకోండి. ఆ చొప్ప డెయిరీకి అమ్మి, ఆ పేడే మళ్లీ తోలించుకోకండి.

ఇకపై తోలించే ఎరువును తడిపి, 15 రోజులకోసారి తిరగేస్తూ 3–4 నెలలు చివకనివ్వండి. వాడే ముందు మళ్లీ కుండీ పరీక్ష చేయండి. ల్యాబ్‌లో అవశేషాలు చూపించాలంటే ఏ మందు వెతకాలో మీరే చెప్పాలి, ఖర్చూ ఎక్కువే. కాబట్టి డెయిరీ వాళ్లను అడగండి: మేతలో ఏం కొట్టారు, కొట్టిన ఎన్ని రోజులకు కోశారు, కుప్ప మీద ఏమైనా కొట్టారా?

కుండీలు ఈ వారమే పెట్టి, మూడు వారాల తర్వాత ఫొటోలు పంపండి. స్ప్రేయర్ మీదేనా, అడిగి తెచ్చిందా అన్నది కూడా రాయండి.